చిన్న మోటారుబండి కొనుట: ఏడు పీటలా? ఐదు నక్షత్రములా?

సంతలో ఎడ్లజత కొనునపుడు మన రైతు చూపు నేర్పు అందరెరిగినదే. పండ్లు చూచును. గిట్టలు తట్టి చూచును. సుడులు లెక్కించును. మూపుపై చేయి వేసి పాత కాడిపుండ్ల మచ్చలున్నవేమోయని వెదకును. అంతటితో తృప్తినొందక, బండికి కట్టించి బురదలో నాలుగడుగులు నడిపించి, అమ్మువాడు చెప్పిన గుణములలో సగము కొట్టివేసి, అటుపిమ్మటగాని బయానా చేతికీయడు. అట్టి రైతే ఎడ్లజతకంటె ఎన్నో రెట్లు వెలగల మోటారుబండిని కొనబోయినపుడు, చల్లనిగాలి వీచు గదిలో గాజుబల్లముందు కూర్చుండి, “తెలుపురంగు బండి ఉన్నదా?” యని యడిగి సంతకము చేసి వచ్చుచున్నాడు. ఈ వైపరీత్యమును చూచియే మేమీ వ్యాసము వ్రాయబూనితిమి.

చోడవరము చుట్టుపట్ల గ్రామముల సభ్యులు, చెరకు సొమ్ము చేతికి వచ్చినపుడు గాని, ఇంట పెండ్లి తలపెట్టినపుడు గాని, మమ్మడుగు ప్రశ్న యొకటి కలదు. “కాంపాక్ట్ ఎస్.యు.వి. యని పిలువబడు చిన్న ఎత్తుబండ్లలో మాకేది తగును?” అను ప్రశ్న యది. పేర్లు అనేకములు వినవచ్చుచున్నను, వాదము తుదకు రెండింటియొద్ద నిలుచుచున్నది. ఒకటి మహీంద్రావారి బొలెరో నియో. రెండవది టాటావారి నెక్సాన్. తండ్రులు మొదటిదానిని, కుమారులు రెండవదానిని కోరుట మేము పలుమారు చూచితిమి. ఇరువురి మాటలోను న్యాయము కలదు. ఇరువురును చూడని విషయము కూడ ఒకటి కలదు. ఆ మూడింటిని వరుసగా విన్నవింతుము.

నాలుగు మీటర్ల లెక్క

ముందుగా ఈ బండ్లన్నియు ఒకే పొడవున ఏల ఉన్నవో తెలిసికొనవలెను. 2006వ సంవత్సరపు కేంద్ర బడ్జెటునందు చిన్న కార్లకు పన్ను తగ్గింపబడినది. నాలుగు మీటర్లకు మించని పొడవు కలిగి, పెట్రోలు బండియైనచో 1200, డీసెలు బండియైనచో 1500 ఘనసెంటీమీటర్లకు మించని ఇంజను గలదియే చిన్నకారని నిర్ణయింపబడినది. నాటినుండి తయారీదార్లు ఈ గీతకు లోబడి బండ్లను మలచుచున్నారు. బొలెరో నియో పొడవు 3,995 మిల్లీమీటర్లు. నెక్సాన్ పొడవును 3,995 మిల్లీమీటర్లే. గీతకు ఐదు మిల్లీమీటర్ల లోపల రెండును నిలిచినవి. ఇది కాకతాళీయము కాదు, పన్ను లెక్క.

2025 సెప్టెంబరు 22 నుండి ఈ లెక్క మరల మారినది. అంతకుముందు చిన్న డీసెలు బండిపై జి.ఎస్.టి. 28 శాతమును, సెస్సు 3 శాతమును, వెరసి 31 శాతము పన్ను ఉండెడిది. ఇప్పుడు 18 శాతము మాత్రమే. పన్నుకు ముందు 8,00,000 రూపాయల విలువగల బండి పూర్వము 10,48,000 రూపాయలకు వచ్చుచుండగా, ఇప్పుడు 9,44,000 రూపాయలకు వచ్చుచున్నది. తేడా 1,04,000 రూపాయలు. అయితే పొడవు తక్కువయైనంత మాత్రమున ఈ మేలు కలుగదు. మారుతీవారి బ్రెజా నాలుగు మీటర్లలోపుదే యైనను, దాని పెట్రోలు ఇంజను 1,462 ఘనసెంటీమీటర్లు గలది. కావున అది 40 శాతపు తరగతిలో చేరినది. బొలెరో నియో, నెక్సాన్ రెండును 18 శాతపు తరగతిలోనివే. మన రాష్ట్రమునందే పెనుకొండ చెంత 2019 నుండి నడుచుచున్న కియా కర్మాగారమున తయారగు సోనెట్ కూడ ఈ తరగతిదే. మేము చెప్పబోవు పరీక్షలను దానికిని, తక్కినవానికిని సభ్యులు తామే అన్వయించుకొనవచ్చును.

రెండు బండ్లు, రెండు కట్టడములు

పైకి రెండును ఎత్తుబండ్లే. అడుగున మాత్రము జాతి వేరు.

బొలెరో నియో కట్టడము మన ఎడ్లబండి కట్టడమునకు దగ్గరది. నిచ్చెనవంటి ఇనుపచట్రము అడుగున ఉండును. ఇంజను, ఇరుసులు దానికి బిగింపబడును. మనుష్యులు కూర్చుండు పెట్టె దానిపై అమర్పబడును. ఇంజను బలము వెనుక చక్రములకు పోవును. 2015లో టి.యు.వి. 300 అను పేర వచ్చిన బండియే 2021 జూలైలో మార్పులతో బొలెరో నియోగా వెలువడినది. ఇందు డీసెలు ఇంజను ఒక్కటియే కలదు. పరిమాణము 1,493 ఘనసెంటీమీటర్లు, బలము 100 గుఱ్ఱములు.

నెక్సాన్ 2017 సెప్టెంబరులో బజారునకు వచ్చినది. దీనికి వేరు చట్రము లేదు. తాబేటికి చిప్పయే ఎముకయైనట్లు, ఈ బండికి పెట్టెయే చట్రము. బలము ముందు చక్రములకు పోవును. పెట్రోలు, డీసెలు, సి.ఎన్.జి., విద్యుత్తు అను నాలుగు విధములుగ లభించును. పెట్రోలు ఇంజను 1,199 ఘనసెంటీమీటర్లది. డీసెలు ఇంజను 1,497 ఘనసెంటీమీటర్లది, 115 గుఱ్ఱముల బలము గలది.

టార్కు అను త్రిప్పుబలము, అనగా నిలిచిన బండిని బరువుతో కదల్చు శక్తి, రెండు డీసెలు ఇంజనులకును 260 న్యూటన్ మీటర్లే. కావున “దానికి లాగుడు లేదు, దీనికే ఉన్నది” యను మాట అరుగుమీది మాటయే కాని లెక్కకు నిలువదు. భేదము బలమునందు కాదు. ఆ బలమును ఏ చక్రములు నేలకు అందించుచున్నవనుటయందు కలదు. నిండుబరువుతో మెట్ట యెక్కునపుడు భారము వెనుకకు ఒరగును. అపుడు వెనుక చక్రములు నేలను గట్టిగ పట్టును, ముందు చక్రములు తేలిక పడును. మాడుగుల దాటి గరికబంద మీదుగ పాడేరు ఘాటీ యెక్కువారు, ఏడుగురిని మూటలతో ఎక్కించుకొని పోవువారైనచో, ఈ భేదమును గుర్తింతురు. నలుగురితో పోవువారికి ఆ తారుదారిలో రెండును సమానమే.

మరియొక మాట. ఈ రెండు బండ్లలో దేనికిని నాలుగు చక్రములకు బలము పోవు ఏర్పాటు లేదు. బొలెరో నియో పైరకమొకదానియందు మాత్రము, ఒక వెనుక చక్రము బురదలో ఊరక తిరుగునపుడు రెండవ చక్రమునకు కూడ బలమందించు బిగింపు అమర్పబడినది. బురదదారి కొరకే ఆ బండిని కొనువారు ఈ బిగింపు గల రకమునే కొనవలెను. అది లేని రకమును కొని, పేరును నమ్మి దమ్ముచేలోనికి దింపినచో, లాగుటకు ఎడ్లనో ట్రాక్టరునో పిలువవలసి వచ్చును.

మన దారులు

ఏ బండి తగునో నిర్ణయించునది కంపెనీ కాదు, మన దారి. 2022 ఏప్రిల్ 4 నుండి చోడవరము అనకాపల్లి జిల్లాలో చేరినది. కచేరీపని, ఆసుపత్రి, బెల్లపు బజారు, రైలు, ఇవన్నియు మనకు అనకాపల్లిలోనో విశాఖపట్టణములోనో ఉన్నవి. కావున మన సభ్యుల ప్రయాణములలో పెక్కు పాళ్లు తారుదారిమీదనే. వానకాలమున గుంతలు పడు నర్సీపట్నము దారి కూడ గుంతల దారియే కాని దమ్ముచేను కాదు. గుంతను దాటుటకు వలసినది ఎత్తును, మెత్తని కమ్మీలును, నిదానమును. నిచ్చెనచట్రము లేకున్నను సరిపోవును.

ఇందుకు భిన్నముగ, కొండవారనున్న పల్లెలలో ఇంటికి పోవు తుది రెండు మైళ్లు గెడ్డ దాటి, రాళ్లమీదుగ, చెరకుబండ్ల చాళ్లలో నడువవలసిన సభ్యులున్నారు. రాతిదెబ్బలను నిత్యము ఓర్చుటకు నిచ్చెనచట్రము మేలైనది. వారికి మొదటిబండి కోరిక వట్టి మోజు కాదు, అవసరము.

నేలనుండి బండి అడుగుభాగమునకు గల ఎత్తును గూర్చి పుస్తకములలోని అంకెలనే నమ్మవలదు. ఆ అంకె సాధారణముగ ఖాళీబండికి చెప్పినది. మీ యింటివారి నందరిని ఎక్కించి, కొలబద్దతో మీరే కొలువుడు. నలుగురు పెద్దలు వెనుక కూర్చుండగా మిగిలిన ఎత్తే మీకు నిజముగ ఉపయోగపడు ఎత్తు.

పీటలు, నక్షత్రములు

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాము.

తండ్రి బొలెరో నియోను కోరుటకు మొదటి కారణము పీటలు. అందు ఏడుగురు కూర్చుండవచ్చును. నెక్సాన్‌లో ఐదుగురే. అవ్వ, తాత, దంపతులు, ముగ్గురు పిల్లలు గల యింటికి ఏడు పీటల బండియే తగునని లెక్క తోచును. కాని ఆ ఏడింటిలో చివరి రెండు పీటలు ఎట్లున్నవో వెనుక తలుపు తెరచి చూడుడు. అవి ముందువైపు చూచునవి కావు. బండి ప్రక్కలకు ఆని, ఒకదానికొకటి ఎదురుగ మడత విప్పుకొను పీటలు. ఆ పీటలపై ఎవరిని కూర్చుండబెట్టుదుము? మోకాళ్లనొప్పుల అవ్వ అక్కడికి ఎక్కలేదు. యజమాని కూర్చుండడు. తుదకు ఆ పీటలు పిల్లల పాలగును. బండి వెనుకతట్టునకు అతి సమీపమున, ప్రక్కకు తిరిగి, ఇంటిలో అందరికంటె సుకుమారమైన ప్రాణములు కూర్చుండును. తాకిడి జరిగినపుడు ముందుకు చూచి, పట్టీ బిగించుకొని కూర్చున్నవానిని పట్టీ వెనుకకు లాగి పట్టును. ప్రక్కకు తిరిగి కూర్చున్న బిడ్డ మెడకును నడుమునకును అట్టి ఆధారము లేదు.

కుమారుడు నెక్సాన్‌ను కోరుటకు చెప్పు కారణము నక్షత్రములు. అవి ఎట్లు వచ్చునో చెప్పుదుము. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థవారు బండిలో మనుష్యులకు బదులు బొమ్మలను కూర్చుండబెట్టి, గంటకు 64 కిలోమీటర్ల వేగమున, బండి ముఖములో ఒక ప్రక్క 40 శాతము మాత్రము అడ్డుకు తగులునట్లు ఢీకొట్టింతురు. ఎదురుగ వచ్చు లారీని తప్పింపబోయి సగము తగిలినట్లన్నమాట. బొమ్మల తలకు, రొమ్మునకు, కాళ్లకు తగిలిన దెబ్బను కొలిచి, ప్రక్కనుండి కొట్టు పరీక్షలు మొదలగువానిని కూడ కలిపి ఐదు నక్షత్రములవరకు ఇత్తురు. మన ప్రభుత్వమువారును 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ అను పేర ఇట్టి పరీక్షను ఏర్పరచిరి.

2018 డిసెంబరులో నెక్సాన్‌కు ఐదు నక్షత్రములు వచ్చినవి. భారతదేశమున తయారైన బండ్లలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి యొద్ద ఐదు నక్షత్రములను పొందిన మొదటిది అదియే. 2024లో క్రొత్తరూపు నెక్సాన్ మరింత కఠినమైన పరీక్షలో మరల ఐదు పొందినది. ఆ సంవత్సరమే భారత్ ఎన్‌క్యాప్‌లోను ఐదు వచ్చినవి. 2024 ఏప్రిల్‌లో వెలువడిన ఫలితములలో బొలెరో నియోకు పెద్దల రక్షణయందు ఒక నక్షత్రము, పిల్లల రక్షణయందు ఒక నక్షత్రము వచ్చినవి. దాని పెట్టె ఆ తాకిడికి స్థిరముగ నిలువలేదని కూడ పరీక్షకులు నిర్ణయించిరి.

ఇక్కడ మన రైతుల అనుభవమునకు విరుద్ధమైన మాట చెప్పవలసియున్నది. “బొలెరో ఇనుము దిట్టమైనది, తలుపు వేసిన శబ్దమే చెప్పును” అని అందరు నందురు. దిట్టమైన చట్రము రాతిదెబ్బకు ఓర్చుట నిజమే. కాని ఎదురు తాకిడిలో లోపలివారిని కాపాడునది దిట్టతనము మాత్రమే కాదు. ముందుభాగము క్రమముగ నలిగి దెబ్బను తాను మ్రింగవలెను, మనుష్యులున్న గది మాత్రము నలగకుండవలెను. కొబ్బరికాయను పీచుతో సహా క్రిందపడవేసిన పగులదు, పీచు తీసి పడవేసిన పగులును. రెండు కాయలకును చిప్ప ఒక్కటే, భేదము పీచునందున్నది. బండి ముఖమున నలిగెడి భాగము ఆ పీచువంటిది.

న్యాయముగ ఇంకొక మాటయు చెప్పవలెను. 2025 అక్టోబరులో బొలెరో నియో కొన్ని మార్పులతో మరల విడుదల యైనది. పై ఫలితము అంతకుముందు పరీక్షింపబడిన బండిది. కొనబోవునాటికి క్రొత్త ఫలిత మేదైన వెలువడినదా యని అడిగి, కాగితముపై చూపుమనుడు. అట్లే ఐదు నక్షత్రములు పట్టీ బిగించుకొననివానికి ఒక్కటియు పనికిరావు. గాలిసంచులు పట్టీకి తోడు మాత్రమే, బదులు కావు. నెక్సాన్ వెనుక పీటమీద ఐదుగురిని కుక్కినచో కంపెనీవారి నక్షత్రములను మనమే ఊడబెరికినట్లు.

ఏడుగురు కలిసి పోవు దినములెన్ని?

ఒక సభ్యుని యింట తండ్రికొడుకుల వాదము ముదిరి మా యొద్దకు వచ్చినది. మేము తీర్పు చెప్పలేదు. గడచిన సంవత్సరమున ఇంటివారు చేసిన ప్రయాణములన్నిటిని జ్ఞాపకము తెచ్చుకొని ఒక కాగితముపై వ్రాయుడని మాత్రము కోరితిమి. అందరును కలిసి కూర్చుండి వ్రాసిరి. ఇరువురు పోయిన ప్రయాణములే కాగితమును నింపినవి. నలుగురు పోయినవి కొన్ని. ఏడుగురును కలిసి పోయిన దినములు ఒక చేతి వ్రేళ్లకు మించలేదు: ఒక పెండ్లి, ఒక తీర్థము, సంక్రాంతికి అత్తవారింటికి, అంతియే. ఆ నాలుగైదు దినములకు బాడుగబండి పిలిచిన ఎంతయగునో లెక్కించుకొని, తండ్రియే ముందుగా నవ్వెను.

కాని అందరి కాగితము నిట్లుండదు. అన్నదమ్ములు కలిసియున్న యిల్లు, వారమునకు రెండుమారులు ఆరుగురు బయలుదేరు ఇల్లు, కొండవార ఇల్లు వేరే కాగితము వ్రాయును. ముందు కాగితము వ్రాయుడు, పిమ్మట బండి చూడుడు. ఇదియే మా మొదటి సలహా.

బరువు మాటయు నిట్టిదే. “ఎరువుబస్తా, విత్తనము, అరటిగెలలు వేసికొని రావచ్చును” అని కొందరందురు. 45 కిలోల యూరియాబస్తాలు రెండు ఏ బండిలోనైన వచ్చును. అంతకుమించిన బరువునకు ట్రాలీ ఆటో బాడుగయే చౌక. సొంతవాడుకకు నమోదైన బండిని బాడుగకు త్రిప్పుట చట్టవిరుద్ధము. అట్టి సమయమున ప్రమాదము జరిగినచో భీమాకంపెనీ పరిహారమును నిరాకరింపవచ్చును.

పెట్రోలా, డీసెలా?

బొలెరో నియో కొనువారికి ఈ ప్రశ్న లేదు. నెక్సాన్ కొనువారికి ఉన్నది. లెక్క కొరకు డీసెలు లీటరు 97 రూపాయలనియు, పెట్రోలు 109 రూపాయలనియు, డీసెలు బండి లీటరుకు 15, పెట్రోలు బండి 13 కిలోమీటర్లు నడుచుననియు అనుకొందము. సంవత్సరమునకు 10,000 కిలోమీటర్లు తిరుగువానికి డీసెలు ఖర్చు సుమారు 64,700 రూపాయలు, పెట్రోలు ఖర్చు సుమారు 83,800 రూపాయలు. మిగులు సుమారు 19,000. డీసెలు బండికి లక్షరూపాయలు అధికముగ ఇచ్చినచో ఆ లక్ష తిరిగివచ్చుటకు ఐదేండ్లకు పైగా పట్టును. సంవత్సరమునకు 5,000 కిలోమీటర్లే తిరుగువానికి పదేండ్లు దాటును.

మరియు 2020 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన భారత్ స్టేజి 6 నిబంధనల ననుసరించి డీసెలు బండి పొగగొట్టమునందు మసిని పట్టు జల్లెడ అమర్పబడుచున్నది. ఆ మసి కాలిపోవుటకు బండి అప్పుడప్పుడు కొంతదూరము ఆగక మంచి వేగమున నడువవలెను. దినమును ఇంటినుండి సంతకు, సంతనుండి ఇంటికి రెండేసి కిలోమీటర్లు నడిపి నిలిపివేయువాని బండిలో ఆ జల్లెడ పూడుకొని ఖర్చు తెచ్చును. అట్టివారికి పెట్రోలే మేలు. విశాఖపట్టణమునకు వారమున రెండు మూడుమారులు పోవువారికి డీసెలు తగును. సి.ఎన్.జి. కోరువారు తమ నిత్యపుదారిలో దానిని పోయు బంకు ఉన్నదో లేదో చూచుకొనవలెను.

చెరకుసొమ్ము, నెలవాయిదా

మన సంఘపత్రికలో ఈ భాగమే ముఖ్యమైనది. ఏ బండి కొన్నను దానిని కొనునది ఇనుము కాదు, అప్పు.

7,00,000 రూపాయల అప్పు నూటికి 10 చొప్పున వడ్డీకి ఐదేండ్లలో తీర్చుటకు తీసికొన్నచో, నెలకు సుమారు 14,870 రూపాయల వాయిదా. మొత్తము వడ్డీ సుమారు 1,92,000 రూపాయలు. వాయిదా తగ్గునని ఏడేండ్లకు పొడిగించినచో నెలకు సుమారు 11,620 రూపాయలే. కాని వడ్డీ సుమారు 2,76,000 రూపాయలగును. నెలకు మూడువేల ఊరటకు వెల సుమారు 84,000 రూపాయలు.

ఐదేండ్ల వాయిదాను చెరకు లెక్కలో చూతము. సంవత్సరమునకు 1,78,000 రూపాయలకు పైగా కట్టవలెను. 2025-26 కాలమునకు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన చెరకు ధర, 10.25 శాతము రికవరీకి, క్వింటాలుకు 355 రూపాయలు, అనగా టన్నుకు 3,550 రూపాయలు. రికవరీ తగ్గిన ధరయు తగ్గును. నిండు ధరయే వచ్చినదనుకొన్నను ఆ వాయిదాలకు 50 టన్నుల చెరకు పోవును. ఎకరమునకు 25 టన్నులు పండించు రైతుకు అది రెండెకరముల మొత్తము పంట. కోతకూలి, బండికూలి, ఎరువు, నీరు వీనిని ఇంకను తీసివేయలేదు. ఐదేండ్లు వరుసగా రెండెకరముల చెరకు ఆ నాలుగు చక్రములక్రింద నలిగిపోవునన్నమాట.

అంతకంటె కష్టమైన విషయమొకటి కలదు. బ్యాంకువాయిదా నెలనెల వచ్చును, చెరకుసొమ్ము నెలనెల రాదు. జీతగానికి తగిన అప్పు సేద్యగానికి తగదు. ట్రాక్టరు అప్పులకు పంటల ననుసరించి అర్ధసంవత్సరపు వాయిదాలిచ్చు పద్ధతి కలదు. కారు అప్పునకును అట్టి వెసులుబాటు ఇత్తురేమో సంతకమునకు ముందే అడుగుడు. ఈయనిచో కనీసము ఆరు నెలల వాయిదాసొమ్ము వేరుగ దాచి, అటుపిమ్మట బండి తెచ్చుకొనుడు. పంటఋణముగ తెచ్చిన సొమ్మును బండి బయానాకు ఎన్నడును తాకరాదు. సకాలమున తీర్చినవారికి ఆ ఋణముపై 3 శాతము వడ్డీ రాయితీ కలదు. గడువు తప్పినచో ఆ రాయితీయు పోవును, మరుసటి పంటకు పెట్టుబడియు చిక్కుపడును. ట్రాక్టరు దున్ని సంపాదించును. కారు ఎంత మంచిదైనను తిని కూర్చుండును.

కొనుటకు ముందు

ఎడ్లను చూచు కన్నుతోనే బండిని చూడుడు. మొదట, షోరూము ధర వేరు, దారిమీదికి తెచ్చు ధర వేరు. జీవితపన్ను, భీమా, నమోదు కలిపిన మొత్తమును కాగితముపై వ్రాయించుకొనుడు. రెండవది, నున్నని దారిలో ఒంటరిగ నడిపి చూచుట చూచుట కాదు. ఇంటిలోని పెద్దవారిని వెంటబెట్టుకొని పొండు. అవ్వ ఎవరి చేయి పట్టకుండ ఎక్కి దిగగలదో లేదో చూడుడు. వెనుక పీటమీద అరగంట మీరే కూర్చుండుడు. గుంతలదారిలో నడిపింపుడు. మూడవది, మరమ్మతుశాల అనకాపల్లిలో కలదా, విశాఖపట్టణము పోవలెనా యని అడుగుడు. నాలుగవది, అందరికంటె తక్కువరకమునందు ఎన్ని గాలిసంచులు, ఎన్ని పట్టీలు ఇత్తురో అడుగుడు. అద్దాల పైకప్పు లేకున్నను ప్రయాణము సాగును, పట్టీ లేకున్న సాగరాదు.

మా యభిప్రాయము

సూటిగ చెప్పుమనువారికి సూటిగనే చెప్పుదుము. ఐదుగురికి మించని కుటుంబము, తారుదారి ప్రయాణము గల సభ్యునకు నెక్సాన్ వంటి ఐదు నక్షత్రముల బండి తగును. మన సభ్యులలో పెక్కుమంది ఈ తరగతివారేయని మా నమ్మకము. కొండవార రాళ్లదారిలో నిత్యము తిరుగుచు, పెద్దలే ఆరేడుగురు తరచుగ కలిసి పోవు ఇంటికి బొలెరో నియో తగును. వారు మాత్రము రెండు నియమములు పెట్టుకొనవలెను: పిల్లలను వెనుక ప్రక్కపీటలపై కూర్చుండబెట్టరాదు, పెద్దదారిమీద వేగము పెంచరాదు. ఇక రెండెకరముల చెరకే ఇంటి ఆధారమైన సభ్యునకు ఈ రెండింటిలో ఏదియు తగదు. పండుగకు బాడుగబండి పిలుచుకొని, మిగిలిన సొమ్ముతో బోరునో బిందుసేద్యమునో బాగుచేసికొనుట మేలు.

బండి వాకిట నిలిచినపుడు ఊరు చూచునది రంగును. దారిలో ఆపద వచ్చినపుడు ఇంటివారిని కాపాడునది కట్టడము. వాయిదా గడువు వచ్చినపుడు యజమానిని కాపాడునది కాగితముపై ముందే వ్రాసికొన్న లెక్క. సభ్యులు సంతకమునకు ముందు ఆ కాగితమును సంఘకార్యాలయమునకు తెచ్చినచో, కలిసి కూర్చుండి లెక్కచూచుటకు మేమెల్లప్పుడు సిద్ధముగ నున్నాము.